ఒళ్ళు బరువు, రొమ్ము కాన్సరు: తెలుసుకోవడానికి పట్టిన మూడు వందల ఏళ్ళు

తెలుగులో ఒంటి బరువును గురించి ఉన్న మాటలన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. సన్నబడడానికి మన భాషలో మంచి మాట దాదాపు లేదు. "చిక్కిపోయింది", "పీక్కుపోయింది", "పుల్లలా అయిపోయింది" – అన్నీ జాలిపడే మాటలే. లావెక్కితే మాత్రం "ఒళ్ళు చేసింది", "నిండుగా ఉంది", "బొద్దుగా ఉంది" అంటాము. కాపురానికి వెళ్ళిన పిల్ల మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు కాస్త ఒళ్ళు చేసి వస్తే అత్తవారింట సుఖపడుతున్నదని అర్థం. చిక్కి వస్తే ఆ రాత్రి తల్లికి నిద్ర పట్టదు. కరువులు చూసిన జాతికి ఇది సహజమే. 1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ శతాబ్దంలోనే మారిషస్‌కూ, నెటాల్‌కూ ఓడలెక్కిన మన పూర్వీకులలో చాలామందికి పొట్ట నిండడం ఒక్కటే ఆశ. అటువంటి వారి సంతతికి ఒంటిమీద నాలుగు కిలోల కండ కనిపిస్తే కలిగే తృప్తి తప్పుపట్టదగినది కాదు.

అయితే ఆ మాటను ఇప్పుడు కొంచెం ఆగి వినవలసిన అవసరం వచ్చింది. బహిష్టులు ఆగిపోయిన తరువాతి వయసులో ఒంటిలో కొవ్వు ఎక్కువగా ఉన్న స్త్రీలకు రొమ్ము కాన్సరు వచ్చే అవకాశం ఎక్కువ అన్న విషయం నేడు వైద్య లోకంలో వివాదం లేనిది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2002లో ఈ మాట చెప్పింది. 2016లో మళ్ళీ లెక్కలన్నీ తిరగేసి, అధిక బరువుతో సంబంధం ఉన్న కాన్సర్లు మొత్తం 13 అని తేల్చి, వాటిలో దీనిని నిలబెట్టింది. ఇది ఒక్క రోజున ఒక్క మేధావి కనిపెట్టిన సంగతి కాదు. గొర్రెల కాపరులు, సన్యాసినులు, ఇన్సూరెన్సు గుమాస్తాలు, ఎలుకలు, నర్సులు – ఇందరు కలిస్తే గాని తెలియలేదు. మధ్యలో మన భీమవరం కూడా వస్తుంది. ఆ కథ మన ఆడపడుచులు చదవదగినదని ఈ సంచికకు రాస్తున్నాను. మగవారు కూడా చదవాలి. ఇంట్లో వంటనూనె డబ్బా మోసుకొచ్చేది సాధారణంగా వారే కదా!

మన ప్రాచీనులు బరువును ఊరికే వదల్లేదు. చరకసంహిత సూత్రస్థానంలో లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను గురించి ఒక అధ్యాయం ఉన్నది. అందులో అతిస్థూలుణ్ణీ, అతికృశుణ్ణీ విడిగా తీసుకుని, ఆ ఇద్దరిలో కృశుడే నయమని చరకుడు తేల్చాడు. మన సామెతలకు ఇది పూర్తిగా ఎదురు! సుశ్రుతుడు అర్బుదాలను ఆరు రకాలుగా విభజించి, మేదస్సు నుంచి పుట్టే దానిని ఒక రకంగా చెప్పాడు. నేటి పత్రికలు కాన్సరుకు అర్బుదమనే మాట వాడుతున్నాయి కనుక మనవాళ్ళు అంతా ముందే చెప్పేశారని కొందరు ఉత్సాహపడతారు. అంత దూరం పోనక్కరలేదు. సుశ్రుతుడి మేదోర్బుదం బహుశా నేడు మనం కొవ్వుగడ్డ అనేదే. పల్లెల్లో అయితే రాచపుండు అనే మాట ఒకటి ఉండేది. పేరులోనే ఇక మందు లేదన్న నిరాశ. ఆ మాట వినగానే పొరుగువారు గొంతు తగ్గించేవారు. గొంతు తగ్గించడం ఇంకా పోలేదు.

అసలు కథ ఇటలీలో మొదలవుతుంది. బెర్నార్డినో రమజ్జినీ అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే రోగాలను గురించి రాసిన గ్రంథానికి 1713లో కొత్త కూర్పు వెలువడింది. క్రైస్తవ మఠాలలోని సన్యాసినులకు రొమ్ము కాన్సరు మిగిలిన స్త్రీలకన్నా ఎక్కువగా వస్తున్నదని ఆయన అందులో రాశాడు. పెళ్ళి, కాన్పు, పాలివ్వడం లేని జీవితానికీ ఈ రోగానికీ ఏదో ముడి ఉన్నదని ఆనాడే అనుమానం. ఆ ముడి ఏమిటో చెప్పే శాస్త్రం అప్పటికి పుట్టలేదు.

తరువాతి అడుగు స్కాట్లండులో పడింది. గ్లాస్గో సర్జను జార్జి బీట్సన్ యౌవనంలో గొర్రెల మందలున్న ప్రాంతంలో ఉంటూ పాలు ఊరే విధానాన్ని శ్రద్ధగా చూశాడు. పాడి ఆవులకు అండాశయాలు తీసివేస్తే పాలు చాలాకాలం నిలుస్తాయని కొన్ని దేశాల రైతులకు తెలుసునన్న సంగతి కూడా ఆయన చెవిన పడింది. అంటే ఎక్కడో కడుపులో ఉన్న అండాశయం దూరాన ఉన్న రొమ్మును శాసిస్తున్నదన్నమాట! రొమ్ము కాన్సరు ముదిరిపోయిన స్త్రీలకు అండాశయాలు తీసివేసి, కొందరిలో గడ్డ కరగడం చూసి 1896లో ప్రకటించాడు. హార్మోను అనే మాటే అప్పటికి లేదు. అండాశయం పంపే ఆ వస్తువును 1929లో అమెరికాలో డోయిసీ, జర్మనీలో బూటెనాండ్ట్ విడివిడిగా వేరుచేసి చూపారు. అదే ఈస్ట్రోజెన్ కుటుంబంలో మొదట చేతికందిన ఈస్ట్రోను.

ఈలోగా ఇంగ్లండులో జానెట్ లేన్ క్లేపన్ అనే వైద్యురాలు 500 మంది రోగులనూ, రోగం లేని మరో 500 మంది స్త్రీలనూ పక్కపక్కన పెట్టి, వారి పెళ్ళి, కాన్పులు, పాలిచ్చిన కాలం అన్నీ అడిగి 1926లో నివేదిక ఇచ్చింది. రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చే ఈ పద్ధతి నేడు ప్రపంచమంతా వాడుతున్నది. ఆమె పేరు మాత్రం వైద్య విద్యార్థులకు కూడా తెలియదు.

ఇంతవరకు బరువు ప్రసక్తి లేదు. దానిని మొదట పట్టించుకున్నది డాక్టర్లు కారు, ఇన్సూరెన్సు కంపెనీలు. పాలసీ రాసే ముందు మనిషిని తూచే అలవాటు వారిది. లావుపాటి వారు త్వరగా పోతే కంపెనీకి నష్టం కనుక ఏ బరువు మనిషి ఏ జబ్బుతో పోయాడో పద్దులు రాసుకునేవారు. చికాగోలోని ఆల్బర్ట్ టానెన్‌బామ్ ఆ పద్దులు చూసి, బరువుకూ కాన్సరుకూ సంబంధం ఉన్నదని 1940లో ఒక వ్యాసం ప్రకటించాడు. అంతటితో ఆగక ఎలుకలతో ప్రయోగాలు చేశాడు. కడుపునిండా మేసిన ఎలుకలకన్నా తక్కువ తిండి పెట్టిన ఎలుకలకు రొమ్ము గడ్డలు తక్కువగా వచ్చాయి, వచ్చినవి కూడా ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి ప్రపంచం యుద్ధంలో ఉన్నది. 1943లో బెంగాలులో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. తిండి ఎక్కువైతే వచ్చే జబ్బును గురించి వినే తీరిక ఎవరికుంటుంది? ఆ వ్యాసాలు చాలాకాలం గ్రంథాలయాలలోనే ఉండిపోయాయి.

వాటిని మళ్ళీ వెలుగులోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు హాలెండు దేశస్థుడు ఫ్రిట్స్ ద వార్డ్. రొమ్ము కాన్సరు ఒకటి కాదు, రెండు తోవల్లో వస్తుందేమోనని 1960లలో ఆయన ఊహించాడు. యౌవనంలో అండాశయాల వల్ల ఒక తోవ, వయసు మళ్ళిన తరువాత అధిక పోషణ వల్ల రెండో తోవ. ముట్లుడిగిన స్త్రీలను ముందుగా తూచి, కొలిచి, తరువాత ఎవరికి జబ్బు వచ్చిందో చూసి 1974లో ఫలితాలు ప్రకటించాడు. బరువైన వారికి ఎక్కువ వచ్చింది. 1977లో హాలెండులోని రెండు పట్టణాల స్త్రీలనూ, జపానులోని ఐచి ప్రాంతపు స్త్రీలనూ పోల్చాడు. ఆ రోజుల్లో జపాను స్త్రీలకు ఈ జబ్బు చాలా తక్కువ. ఆ తేడాలో సుమారు సగం కేవలం ఎత్తు, బరువుల తేడా వల్లనేనని ఆయన లెక్క తేలింది.

కాని ఎందువల్ల? అండాశయాలు పని మానిన తరువాత ఈస్ట్రోజెన్ ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని డాలస్‌లో దొరికింది. పెంటి సీటెరి, పాల్ మెక్‌డొనాల్డ్, వారి సహచరులు 1970లలో దీనిని ఛేదించారు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే కథ అంతా ఈ మలుపులోనే ఉన్నది. మూత్రపిండాల మీద టోపీల్లాగా ఎడ్రినల్ గ్రంథులు కూర్చుని ఉంటాయి. వయసు మళ్ళిన తరువాత కూడా అవి ఆండ్రోస్టెన్‌డయోన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. అది స్వతహాగా పురుష హార్మోను జాతిది. మన చర్మం కింద, పొట్ట చుట్టూ ఉన్న కొవ్వులో ఎరోమటేజ్ అనే ఎంజైము ఒకటి ఉన్నది. అది ఈ పదార్థాన్ని పట్టి ఈస్ట్రోనుగా మార్చివేస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువ ఉంటే ఆ మార్పు అంత ఎక్కువ. వయసుతో పాటు కూడా పెరుగుతుంది.

అంటే కొవ్వు అన్నది మనం అనుకున్నట్టు కరువు రోజులకు దాచుకున్న ధాన్యపు గాదె మాత్రమే కాదు. అదొక గ్రంథి. అండాశయాల దుకాణం మూసేసిన తరువాత కూడా వెనుక వీధిలో అదే సరుకు తయారుచేస్తున్న చిన్న కార్ఖానా! పైగా స్థూలకాయంలో ఇన్సులిన్ పెరుగుతుంది. ఈస్ట్రోజెన్‌ను రక్తంలో కట్టిపడేసే ప్రోటీను తగ్గుతుంది. కాబట్టి తయారైన సరుకు మరింత స్వేచ్ఛగా తిరుగుతుంది. 2003లో అనేక దేశాల పరిశోధకులు తమ లెక్కలన్నీ ఒకచోట పోసి చూసినప్పుడు, ముట్లుడిగిన వారిలో బరువు వల్ల పెరిగే ప్రమాదంలో చాలా భాగాన్ని ఈ ఈస్ట్రోజెన్ పెరుగుదలే వివరిస్తున్నదని తేలింది.

దీనికి ఇంకొక రుజువు మందుల వైపు నుంచి వచ్చింది. ఎరోమటేజ్‌ను అడ్డుకునే అనాస్ట్రొజోల్, లెట్రొజోల్ అనే మాత్రలు 1990లలో వాడుకలోకి వచ్చాయి. ముట్లుడిగిన తరువాత హార్మోను మీద ఆధారపడే రకం రొమ్ము కాన్సరు వచ్చిన వారికి నేడు వీటిని ఏళ్ళ తరబడి ఇస్తారు. మన కుటుంబాలలో రోజూ ఒక చిన్న మాత్ర వేసుకునే పెద్దమ్మలు, పిన్నులు ఉన్నారు. ఆ మాత్ర చేసే పని వెనుక వీధి కార్ఖానాకు తాళం వేయడమేనని వారికి ఎవరైనా చెప్పారో లేదో!

మందుల మాట వచ్చింది కనుక భీమవరం దగ్గరకు వెళ్ళాలి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో అక్కడ జన్మించారు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను బలి తీసుకున్నది. మనిషి తిన్నది ఒంటబట్టక, చిక్కి శల్యమై పోయే జబ్బు అది. మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టను చేరి, హార్వర్డులో పనిచేసి, తరువాత లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందు. అదే ఫోలిక్ ఆమ్లం రూపాన్ని కొద్దిగా మార్చి, కణాలను మోసగించే ఎమినాప్టెరిన్‌ను కూడా ఆ ప్రయోగశాలే తయారుచేసి ఇచ్చింది. దానితో బోస్టను డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరు వచ్చిన 16 మంది పిల్లలకు వైద్యం చేస్తే 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు.

ఆ మందుకు తమ్ముడి వంటిది మెథోట్రెక్సేట్. 1951లో న్యూయార్కులోని జేన్ రైట్ అనే నల్లజాతి వైద్యురాలు అది రొమ్ము కాన్సరు మీద కూడా పనిచేస్తుందని చూపింది. 1976లో ఇటలీలోని మిలాన్‌లో బొనడొన్నా, మరి రెండు మందులతో దానిని కలిపి, ఆపరేషను తరువాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని నిరూపించాడు. ఆ మూడు మందుల కలయిక దశాబ్దాల పాటు ప్రపంచమంతా లక్షలాది స్త్రీలకు దక్కింది. చిక్కి పోయే జబ్బుతో సోదరులను పోగొట్టుకున్న తెలుగువాడి పరిశోధన, ఒళ్ళు చేయడం వల్ల కొంత పెరిగే జబ్బుకు మందు అయింది. మన పిల్లలకు క్రికెటర్ల పేర్లు తెలిసినంతగా ఈయన పేరు తెలియకపోవడం మన ఇళ్ళలోని లోటే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని దాటవేసి రాస్తే చదువరులను మోసగించినట్టే. ఐరోపా, అమెరికా లెక్కల ప్రకారం బహిష్టులు ఇంకా ఆగని యువతులలో సంబంధం తలకిందులుగా ఉన్నది! లావుగా ఉన్న యువతులకు రొమ్ము కాన్సరు కొంచెం తక్కువ. 2018లో అనేక దేశాల లెక్కలు కలిపి చూసినా ఇదే తేలింది. దీని కారణం ఇంకా పూర్తిగా విప్పలేదు. అయితే ఏషియా స్త్రీల సంగతి అంత సూటిగా లేదు. 2008లో మాంచెస్టరు పరిశోధకులు ప్రపంచపు అధ్యయనాలన్నీ కూడినప్పుడు, ఏషియా పసిఫిక్ దేశాల స్త్రీలలో బరువుకూ ఈ జబ్బుకూ ఉన్న ముడి మిగిలిన చోట్లకన్నా గట్టిగా ఉన్నదని గమనించారు. అదే ఏడాది చెన్నై, తిరువనంతపురం రోగులను పరిశీలించి ప్రకటించిన అధ్యయనంలో యువతులలో కూడా అధిక బరువు, లావు నడుము ప్రమాదాన్ని పెంచేవిగానే కనిపించాయి. 2016లో ముంబయి టాటా స్మారక ఆస్పత్రి వారు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, దక్షిణాసియా స్త్రీలలో పొట్ట దగ్గర చేరే కొవ్వు ఏ వయసులోనైనా ప్రమాదకరమేనని రాశారు. మన శరీర నిర్మాణమే అటువంటిది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి, నడుము దగ్గర మాత్రం చీర కుచ్చిళ్ళు దోపడానికి చోటు లేకుండా పెరుగుతాము. కనుక తూనికయంత్రం కన్నా దర్జీ టేపు ఎక్కువ నిజం చెప్పవచ్చు.

బరువును ఎత్తుతో సరిచూసే లెక్క బెల్జియం గణితజ్ఞుడు కెట్‌లే 1830లలో చెప్పినది. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించాలి. అమెరికాలోని యాన్సెల్ కీస్ 1972లో దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ప్రపంచమంతా 25 దాటితే అధిక బరువు అంటుంటే, ఏషియా వారికి 23 నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. మన ఇళ్ళలో సామాన్యమైన 155 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న స్త్రీకి 23 అంటే 55 కిలోలు, 25 అంటే 60, 30 అంటే 72. మాంచెస్టరు లెక్క ప్రకారం ముట్లుడిగిన తరువాత ఈ సంఖ్య 5 పెరిగితే, అంటే ఈ ఎత్తు మనిషికి సుమారు 12 కిలోలు పెరిగితే, ప్రమాదం 12 శాతం పెరుగుతుంది. ఇది కొండంత పెరుగుదల కాదు. వయసు, వంశంలో వచ్చే జన్యువులు దీనికన్నా పెద్ద కారణాలు. సన్నగా రివటలా ఉన్నవారికి కూడా ఈ జబ్బు వస్తున్నది. జబ్బు వచ్చిన ఆవిడను చూసి "తిని కూర్చుంది, వచ్చింది" అనే నోళ్ళు కొన్ని ఉంటాయి. లెక్కలు వారిని సమర్థించవు.

సంతతి కుటుంబాలకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది 1993లో అమెరికాలో రెజీనా జీగ్లర్, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధన. లాస్ ఏంజిలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో, హవాయి ప్రాంతాలలోని చైనా, జపాను, ఫిలిప్పీన్సు సంతతి స్త్రీలను వారు పరిశీలించారు. పశ్చిమ దేశాలలో పుట్టిన వారికి, తూర్పున పుట్టి వలస వచ్చిన వారికన్నా ప్రమాదం 60 శాతం ఎక్కువ. వలస వచ్చిన వారిలో కూడా పదేళ్ళు, అంతకుమించి ఉన్నవారికి, కొత్తగా దిగిన వారికన్నా 80 శాతం ఎక్కువ. పశ్చిమాన పుట్టిన వారిలో అమ్మమ్మలు, నానమ్మలు ఎక్కడ పుట్టారన్నదాన్ని బట్టి కూడా తేడా వచ్చింది. రక్తం అదే, ముఖం అదే. మారినదల్లా బతుకు తీరు. 1996లో అదే స్త్రీల బరువులను చూసినప్పుడు, పెద్దయిన తరువాత, ముఖ్యంగా ఇటీవలి సంవత్సరాలలో పెరిగిన బరువుకు ఇందులో పాత్ర ఉన్నదని తేలింది.

సముద్రం దాటకపోయినా బతుకు తీరు మారవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రే చూడండి. 1918లో కూనూరులో మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు బెరిబెరి జబ్బును పరిశోధించడానికి ఒక గదిలో ప్రారంభించిన సంస్థ అది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. పోషణ లోపంతో కాళ్ళు వాచిన పిల్లలు, చూపు పోయిన పిల్లలు – ఇదే దాని పని. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువు వారని తేలింది. దేశం మొత్తానికి అది 24 శాతమే. 2020లో వెలువడిన జాతీయ కాన్సరు రిజిస్ట్రీ నివేదికలో లెక్కలున్న ప్రాంతాలన్నింటిలో రొమ్ము కాన్సరు రేటు అత్యధికంగా ఉన్నది హైదరాబాదు జిల్లాలో, లక్ష మంది స్త్రీలకు ఏటా 48. ఇదంతా బరువు వల్లనే అనడం తగదు. ఆలస్యపు పెళ్ళిళ్ళు, తక్కువ కాన్పులు, తగ్గిన పాలివ్వడం, మెరుగైన పరీక్షలు అన్నీ ఉన్నాయి. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఇక మనం ఉంటున్న జుఫైర్. 1935లో బ్రిటిష్ నౌకాదళం పర్షియా తీరం నుంచి తన స్థావరాన్ని ఇక్కడికి మార్చినప్పుడు ఇది సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. అంతకు మూడేళ్ళ ముందే, 1932లో, బహ్రెయిన్‌లో చమురు పడింది. గల్ఫులోని అరబ్బు తీరాన మొదటి బావి ఇదే. 1960ల మధ్య వరకు ఇక్కడి బజారులో చెలామణీ అయినది రూపాయే. 1971లో బ్రిటిషువారు వెళ్ళారు, అమెరికా నౌకాదళం నిలిచింది. సముద్రాన్ని పూడ్చి మేడలు లేపారు. నేడు జుఫైర్‌లో ఒక వీధి చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే ఎన్ని దేశాల తిండి దొరుకుతుందో అందరికీ విదితమే. అయితే నడిచేవారు ఎవరు? ఫ్లాటు నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి కారు, కారు నుంచి మాల్. నాలుగు నెలలు బయట అడుగు పెట్టలేని ఎండ. కింద కోల్డ్ స్టోరుకు ఫోను చేస్తే పెరుగు ప్యాకెట్టు కూడా పైకి వస్తుంది. మధ్యాహ్నం మన అన్నం, సాయంత్రం కరక్ చాయ్, రాత్రి ఖుబ్బూసు, శుక్రవారం ఎవరింట్లోనో విందు. మన ఊరి తిండి మానకుండా ఈ ఊరి తిండి కలుపుకున్నాము. రెండు ఊళ్ళ పనీ చేయడం మానేశాము.

బహ్రెయినీలు కూడా ఇదే దారిలో నడిచారు. 2007 నాటి జాతీయ సర్వేలో ఇక్కడి పెద్దవారిలో మూడో వంతుకు పైగా స్థూలకాయులని తేలింది. స్త్రీలలో ఇంకా ఎక్కువ. 1998లో మొదలైన గల్ఫు దేశాల ఉమ్మడి కాన్సరు రిజిస్ట్రీలో ఆరు దేశాలలోకీ స్త్రీల రొమ్ము కాన్సరు రేటు బహ్రెయిన్‌లోనే ఎక్కువగా నమోదైంది. ముత్యాల కోసం మునిగే రోజుల్లో ఖర్జూరం, చేప తిని బతికిన జాతి ఇది. మన కరువు సీమల కథకూ వీరి కథకూ పోలిక ఉన్నది.

గమనించవలసిన మరొక విషయం వయసు. భారతదేశంలోనూ, గల్ఫులోనూ ఈ జబ్బు పాశ్చాత్యుల కన్నా సుమారు పదేళ్ళు ముందుగా, నలభైలలో, యాభైలలో ఎక్కువగా కనిపిస్తున్నది. సరిగ్గా పిల్లల చదువులు, ఇంటి అప్పులు, ఊళ్ళో పెద్దవాళ్ళ జబ్బులు అన్నీ ఒక్కసారి నెత్తిన పడే వయసు. ఆ వయసు స్త్రీ తనను తాను ఆఖరున చూసుకుంటుంది.

బరువు తగ్గితే ప్రయోజనం ఉన్నదా అన్న ప్రశ్నకు జవాబు కొంత ఆశాజనకంగానే ఉన్నది. అమెరికాలో 1976 నుంచి లక్షా ఇరవై వేల మందికి పైగా నర్సులను పరిశీలిస్తూ వచ్చారు. 18 ఏళ్ళ వయసు నుంచి 25 కిలోలు, అంతకు మించి పెరిగిన వారికి ముట్లుడిగిన తరువాత ప్రమాదం 45 శాతం ఎక్కువగా కనిపించిందని 2006లో ప్రకటించారు. ముట్లుడిగిన తరువాత 10 కిలోలు తగ్గి, తగ్గిన బరువు నిలుపుకుని, హార్మోను మాత్రలు ఎన్నడూ వాడని వారిలో ప్రమాదం సగానికన్నా తక్కువకు పడింది. అటువంటి వారు కొద్దిమందే అన్నది నిజం. నిలుపుకోవడమే కష్టం. సంక్రాంతికి తగ్గి ఉగాదికి పెరిగేది లెక్కలోకి రాదు. పూర్తిగా తగ్గలేకపోయినా, ఉన్న దగ్గర ఆగినా నష్టం పెరగదు. పెళ్ళినాటి జాకెట్టు పెట్టెలో ఉన్నవారికి తాము ఎంత దూరం వచ్చారో చెప్పడానికి నర్సుల లెక్కలు అక్కరలేదు.

బరువు తగ్గడాన్ని మించి తక్షణం మాట్లాడవలసినది ఒకటి ఉన్నది. మన గల్ఫు జీవితాలలో ఏ నొప్పి వచ్చినా "సెలవుకు ఇండియా వెళ్ళినప్పుడు చూపిద్దాం" అనే అలవాటు ఉన్నది. పంటికి, మోకాలికి అది చెల్లుతుంది. రొమ్ములో గడ్డకు చెల్లదు. ఈ గడ్డ తొలి రోజుల్లో చాలావరకు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కనుక ఏమీ కాదనుకుంటారు. లావుగా ఉన్నవారిలో చేతికి తగలడం కూడా ఆలస్యం కావచ్చు. చేతికి తగిలిన గడ్డలలో ఎక్కువ భాగం కాన్సరు కావు. అయినా అది తేల్చవలసింది డాక్టరు. ఇళ్ళలో పనిచేయడానికి గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చిన మన ఆడవాళ్ళకు సెలవు రెండేళ్ళకు ఒకసారి. ఈ మాట చెప్పుకోవడానికి వారికి ఇంట్లో తెలుగు తెలిసిన మనిషే ఉండదు. మన సంఘంలో స్త్రీలు ఎవరైనా వారిని పలకరించి, తోడు వెళ్ళగలిగితే ఏ నాటకపోటీకీ తీసిపోని కార్యక్రమం అవుతుంది.

అలాగే విజిటు వీసా మీద మనుమల్ని చూడడానికి వచ్చే అమ్మగార్లు, అత్తగార్లు. అరవై దాటిన వారు, బరువుకూ ఈ జబ్బుకూ ఉన్న ముడి అందరికన్నా గట్టిగా వర్తించే వయసు వారు. మూడు నెలలు ఫ్లాటులో కూర్చుని, కోడలు పెట్టింది తిని, ఒళ్ళు చేసి ఊరికి వెళతారు. ఊళ్ళో అందరూ "కొడుకు బాగా చూసుకున్నాడు" అంటారు. వారికి ఇక్కడ ఇన్సూరెన్సు ఉండదు, అడగడానికి మొహమాటం. ప్రవాసాంధ్రుల చందాలతో, నందమూరి తారకరామారావుగారు కాన్సరుతో పోయిన తమ సతీమణి పేరిట తలపెట్టిన బసవతారకం ఆస్పత్రి 2000 జూన్‌లో హైదరాబాదులో ప్రారంభమైంది. 1955 నుంచి అదే నగరంలో మెహదీ నవాజ్ జంగ్ సంస్థ బీదలకు కాన్సరు వైద్యం చేస్తున్నది. ఆమె తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో బాదం, కుంకుమపువ్వు సర్దే కొడుకులు, కోడళ్ళు, దిగిన వారంలోపు మామోగ్రాం చేయించడానికి ఒక తేదీ కూడా రాసి ఇచ్చి, ఆ తేదీన ఇక్కడి నుంచి ఫోను చేసి కనుక్కోవచ్చు.